మెల్లగా మాట్లాడే దొర

సాయుధ పోరాటం మీద సినిమా వచ్చిందంటే మా అవ్వను జనగామకు తీసుకుపోయాను. అవ్వ అంటే మా నాయినను కన్న తల్లి. పుట్టింది దంతాలపల్లి పక్క ఊళ్లో. పోరాటం నాటికి ఇంకా చిన్నపిల్ల. వాళ్ల నాయిన, అంటే బాపు, దొర గడిలో వెట్టి చేసేవాడు.

తెర మీద దొర రాగానే హాలంతా ఈలలు. గుమ్మడికాయంత తలపాగా, చెవుల దాకా మీసాలు, చేతిలో కొరడా. మాటకు ముందొక నవ్వు, మాట తర్వాత ఇంకో నవ్వు. పైగా మా యాసను ఆ దొరకూ వాడి గూండాలకూ మాత్రమే పెట్టారు, అదీ వచ్చీరానిది. హీరో మాత్రం కృష్ణ ఒడ్డున పుట్టినట్టు మాట్లాడతాడు. ఇంత డబ్బు పోసి ఇంత చవట దొరను తయారు చేసిన వాళ్ల మీద నాకు అసహ్యం వేసింది. అవ్వ అంత కూడా పట్టించుకోలేదు. ఇంటర్వెల్‌లో లేచి, "గీడు దొర గాదు బిడ్డా, జాతరల ఏషగాడు" అంది.

బయట అరుగు మీద కూర్చున్నాక తమ దొర సంగతి చెప్పింది. ఆయన ఎన్నడూ గొంతు పెంచలేదట. కల్లంలో చేరెడు జొన్నలు తీశాడని బాపును ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టించాడు. అన్నం తెచ్చిన అవ్వను మాత్రం నీడలోకి పిలిచి, చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. తినేదాకా చూసి, "తియ్యగున్నదా బిడ్డా?" అన్నాడు. బాపు వింటుండగానే ఆమె తియ్యగానే ఉన్నదని చెప్పాల్సి వచ్చింది.

సంఘం వాళ్లు గడి మీదికి వచ్చిన రోజు దొర పట్నం పారిపోయాడు. బాపు దళంతో అడవి పట్టాడు. మిలిట్రీ దిగాక దొర ఖద్దరు కట్టుకుని జీపులో తిరిగొచ్చాడు. పక్కింటి ముసలాయనకు రెండు చేతులూ జోడించి, మనోడు బాగున్నాడా, ఎటు దిక్కున్నాడు అని అడిగాడు. దొర మారిపోయాడనుకుని ఆ ముసలాయన గంగారం దిక్కున్నాడని చెప్పేశాడు. బాపు మళ్లీ ఇల్లు చేరలేదు. దొర సర్పంచయ్యాడు, దండలు వేయించుకున్నాడు.

లోపల హీరో దొరను నరుకుతున్నట్టున్నాడు, చప్పట్లు వినబడ్డాయి. అవ్వ అటు చూడను కూడా చూడలేదు.

"మా దొర అసొంటోన్ని జూపెడితె గద, ఇంకొకడొస్తె మీరు గుర్తువట్టేది" అంది.

ఇద్దరం బస్టాండుకు నడిచాం.