గొంగళ్ల మబ్బు

మొన్న మధ్యాహ్నం మా మనవడు ఫోనులో యుగాంతం సినిమా ఏదో పెట్టుకుని, మేడలు కూలుతుంటే బొరుగులు నములుతూ నింపాదిగా చూస్తున్నాడు. నేనూ కాసేపు తొంగిచూశాను గానీ అంత ఆర్భాటం నా కంటికి ఆనలేదు. మేమూ ఒకప్పుడు లోకాన్ని ముంచబోయినవాళ్లమే మరి, అదీ కరువుకాలంలో, పామిడి దగ్గర, చుక్క నీరు లేని పెన్న ఏటి ఇసుకలో.

మా అన్నకు సినిమా పిచ్చి. పెళ్లిళ్లకు వీడియో తీసే ఒకాయన దగ్గర పనికి కుదిరి, బతిమాలి బామాలి ఒక్క రోజుకు కెమెరా తెచ్చుకున్నాడు. ఆ రోజు సినిమా పూర్తయితే సరే, కాకపోతే నోరు మూసుకుని సేద్యంలోకి దిగాలని నాయన ముందే మాట తీసుకున్నాడు. కథ వింటే మీరూ నవ్వుతారు. ప్రళయం వస్తోందని ఊరు ఊరంతా చక్రాలు ఊడదీసిన ఎద్దులబండిలో కూర్చుని ఇసుకలో తెడ్లు వేస్తుంటుంది, గొర్రెలు కళ్లజోళ్లు పెట్టుకుని వింత చూస్తుంటాయి, ఒక ముసలాయన ఇంటి తలుపును వీపున మోసుకుంటూ తాళంచెవి కనబడిందా అని దారినపోయే వాళ్లనల్లా అడుగుతుంటాడు. ఆ ముసలాయన మా నాయనే. తక్కిన నటులమంతా చుట్టాలమే, అమ్మ వండుకొచ్చిన రాగిసంగటే మా కూలి.

చివర్లో నల్లమబ్బొచ్చి లోకాన్ని మింగాలి. ఆ కరువులో మబ్బు ఎక్కడ దొరుకుతుంది? అన్న గొర్రెలకాపర్లను అడిగి నల్ల గొంగళ్లు తెస్తే, అమ్మా నేనూ కలిపి కుట్టాం. వాటిని గడకర్రలకు కట్టి మా తలల మీదికి జరిపించాడు. మేమంతా పైకి చూసి గావుకేకలు పెట్టాలి. ఏం చెప్పను, గొంగడని తెలిసి కూడా, ఆ నల్లటి నీడ మీద పడగానే ఒక్కరి మొహంలోనూ భయం పుట్టలేదు. పెద్దమ్మ తనకు తెలియకుండానే చినుకుల కోసం కొంగు పట్టింది. నాయన తలుపు కింద పెట్టి, మొహం పైకెత్తి, నవ్వుతూ నిలబడిపోయాడు.

“భయపడండప్పా! లోకం మునిగిపోతాండాది!” అని అన్న గొంతు చించుకున్నాడు. మళ్లీ తీశాడు, మళ్లీ అదే నవ్వు. పొద్దు వాలేసరికి అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నాయనకూ కనబడ్డాయి. కొడుకు కోసం ఏమైనా చేసే మనిషి, అయినా తల అడ్డంగా ఊపాడు.

“యాడన్నా మబ్బును సూసి ఏడుస్తారేమిరా? అది ఎనక్కి మళ్లితే?”

అన్న మళ్లీ కెమెరా ఎత్తాడు. వెలుతురు ఉన్నంతసేపూ ఆ మొహాలనే తీసుకుంటూ పోయాడు. తర్వాత వీధిలో టీవీ పెట్టి చూపిస్తే జనం మొదట్లో పడీపడీ నవ్వారు, ఆ మొహాలు వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగిపోయింది. ఒకరిద్దరు వాన పడిందా లేదా అని కూడా అడిగారు. లోకం మునగని సినిమా పూర్తయినట్టు ఎట్లా అవుతుందని తనే ఒప్పేసుకుని, ఆ తొలకరికి అన్న మడక పట్టి సేద్యంలోకి దిగాడు. క్యాసెట్టు బూజు పట్టి పోయింది. అన్న దాని ఊసెత్తడు, నాకే అప్పుడప్పుడూ మనసు ఆగదు.

నాయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు బోర్లున్నాయి, డ్రిప్పులున్నాయి, వాన ఎప్పుడొచ్చేదీ ముందే తెలిసిపోతోంది. మబ్బు కమ్మితే కోడలు ఆరేసిన బట్టల కోసం పరుగెత్తుతుంది, పిల్లలు కిటికీలు మూస్తారు. వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. నేను మాత్రం వాకిట్లోకి వచ్చి నిలబడతాను. ఆకాశాన్ని చూడ్డానికి కాదు, వీధిలో ఒక్కరైనా నాయనలా మొహం పైకెత్తుతారేమోనని. తలలు వంచుకుని అందరూ గబగబా ఇళ్లలోకి వెళ్లిపోతారు.