దగ్గుందని చెప్పుకోనిచ్చిన సిస్టర్ గారు

ఆదివారం పలావుకని వేడి నేతిలో లవంగాలు వేస్తే ఇల్లంతా ఆ వాసన. అందరికీ ఆకలి పుట్టించే ఆ వాసనకు నాకు మాత్రం ఏలూరులో మా డయాలసిస్ వార్డు, అక్కడ హెడ్ నర్సుగా ఉన్న రత్నకుమారి సిస్టర్ గారు గుర్తొస్తారు. నాకు పని నేర్పింది ఆవిడే. ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. తిట్టినా బాగుండేదనిపించేది.

నేను కొత్తగా చేరిన ఏడాది వానాకాలంలో ఎక్కడ చూసినా జలుబులు, జ్వరాలే. మనకు నాలుగు రోజుల్లో తగ్గే జలుబు, ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. అలాగని వాళ్లు ఇంటిపట్టున ఉండలేరు. వారానికి మూడుసార్లు నలుగురి మధ్యకు రావాల్సిందే. ఇదంతా చదువుకున్న ఉత్సాహంలో, ఉంగుటూరు నుంచి వచ్చిన సుబ్బారావు గారు గుమ్మంలో దగ్గగానే "తగ్గాక రండి" అని పంపేశాను. మిగతావాళ్లను కాపాడానని మురిసిపోయాను కూడా.

సిస్టర్ గారు స్వయంగా బస్టాండుకు వెళ్లి ఆయన్ని వెనక్కి తీసుకొచ్చారు. "దగ్గుంటే మంచం దూరంగా వేస్తామమ్మా. మెషినే లేదంటే ఆయనేమైపోతారు?" అన్నారు. మూల మంచం మీద పడుకోబెట్టి డయాలసిస్ చేయించారు. ఆయన కోలుకున్నారు. కానీ పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. దగ్గితే పంపేస్తారన్న మాట వెయిటింగ్ హాలు బెంచీలన్నీ తిరిగేసింది.

తరువాతి వారం, కొల్లేరు దగ్గర చేపల చెరువుకు కాపలా ఉండే ఏసుపాదం గారు బుగ్గన లవంగం పెట్టుకుని వచ్చారు. దగ్గుందా అని అడిగితే "అబ్బే, లేదండీ" అన్నారు. లవంగం దగ్గు ఆపుకోవడానికని, జ్వరానికి పొద్దున్నే బిళ్ల కూడా వేసుకొచ్చారని తరువాత తెలిసింది. పక్క మంచం తాడేపల్లిగూడెం టైలరు సత్యవతి గారిది. తన వంతు వచ్చేదాకా జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ కూర్చునే మనిషి. నాలుగు రోజుల్లో ఆవిడకూ జ్వరం వచ్చింది. ఆయన బతికారు. ఆవిడ పోయారు. ఎవరి నుంచి ఎవరికి అంటిందో ఏ పరీక్షా చెప్పలేదు. నాకు చెప్పనక్కర్లేదు.

"అడిగితే అబద్ధం చెప్పాడు సిస్టర్!" అని మండిపడ్డాను.

సిస్టర్ గారు చార్టు మూశారు. "చెప్పినాయన్ని మనం ఏం చేశామమ్మా?" అన్నారు. అక్కడే నిలబడి ఏడ్చాను. మళ్లీ ఆవిడ ఆ ఊసెత్తలేదు.

మర్నాటి నుంచి ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. వచ్చిన ప్రతివాళ్లతో ముందు, "మీ మెషిన్ రెడీగా ఉందండీ" అనేవారు. ఆ తరువాతే "దగ్గేమైనా ఉందాండీ?" అని అడిగేవారు. వారం తిరక్కుండానే జనం నిజం చెప్పడం మొదలుపెట్టారు.

ఆవిడ రిటైరై పెదవేగి వెళ్లిపోయారు. ఇప్పుడు గుమ్మంలో నేనే కూర్చుంటున్నాను. ఎవరైనా తలొంచుకుని "కొంచెం ఉందండీ" అంటే, ఆ మాట వల్ల ఇవాళ ఎవరో ఒక సత్యవతి గారు క్షేమంగా ఇల్లు చేరతారు. ఆవిడెవరో నాకూ తెలియదు, ఆవిడకూ తెలియదు.