కందనకాయ వాటా

పెళ్ళైన రెండో ఎండాకాలం అది. మా ఊరు మక్తల్‌కు మూడు కోసుల దూరం. మేత దొరక్క మా ఆయన గొర్రెల మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయాడు. మా వాడకట్టులో నడవగలిగిన మగవాళ్ళంతా అట్లాగే పోయారు. ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా. మా ఇద్దరికీ అంతగా పడేది కాదు. రోజుకు పది మాటలు అనుకుంటే ఎక్కువ. కోళ్ళతోనే నేను అంతకంటే ఎక్కువ మాట్లాడేదాన్ని, అవి ఎదురు చెప్పవు కాబట్టి.

ఆ ఏడు అత్తకు జ్వరం పట్టుకుంది. తగ్గాక కూడా నాలుగు రోజులు గంజి ముట్టలేదు. చేతులు పుల్లలయ్యాయి. ఈమెకేమైనా అయితే ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఎట్లా ఉండాలని భయపడ్డాను. ఆమె మీద ప్రేమ కంటే ముందు నాకు ఆ భయమే వచ్చింది, దాచేదేముంది.

అయిదో పొద్దున తనంతట తనే అడిగింది.

"జర కోడిచారు పెట్టు పిల్లా. పల్లీలు నూరి కలుపు, చిక్కగ."

కోడి ఉంది. కోసేవాడే లేడు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కోడిని పొదిగిస్తారు, పెంచుతారు, వండుతారు, కానీ కోయరు. ఆడదాని చేతి కోత అత్త ముట్టదు. కోడిని చంకన పెట్టుకుని ఊరంతా తిరిగాను. ఆ రోజు మక్తల్ సంత, రైతుల ఇళ్ళల్లో మగవాళ్ళూ అక్కడికే పోయారు. తిరిగి వచ్చేసరికి అత్తకు కన్నంటుకుంది. సాయంత్రం దాకా ఆగితే మళ్ళీ ఏమీ వద్దంటుందేమో. పెరట్లో కత్తిపీట వేసుకుని నేనే కోశాను. తర్వాత ఎంతసేపు కడుక్కున్నా చేతుల నెత్తురు వాసన పోలేదు.

బొచ్చు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి, ముక్క ఎముకను వదిలేదాకా ఉడికించాను. వేయించిన పల్లీలు మెత్తగా నూరి కలిపితే చారు మీగడలా చిక్కబడింది.

గిన్నె అందుకుంటూ అత్త అడగనే అడిగింది.

"ఎవరు కోసిండ్రు?"

"నీ కొడుకే. గిప్పుడే వచ్చి కోసి, మళ్ల మంద కాడికి పోయిండు."

నోటికి అదే ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. అత్త రెండు గిన్నెలు తాగింది. తాగాక గోడవైపు తిరిగి, "నా మొకం సూడకనే పోయిండా" అంది. కాసేపటికి మళ్ళీ, "కందనకాయ వానికి పెట్టినవా?" అని అడిగింది. కోసినవాళ్ళకే కందనకాయ, అది మా దగ్గర వాడుక. పెట్టానన్నాను. పొయ్యి దగ్గర కూర్చుని దాన్ని నేనే తిన్నాను. అంత ఒంటరిగా నేనెప్పుడూ ఏదీ తినలేదు.

అత్త కోలుకుని లేచి తిరగసాగింది. కానీ కొడుకు చూడకుండా పోయాడన్న మాట మాత్రం మరవలేదు. ఆమె అన్నప్పుడల్లా నిజం చెప్పేద్దామనుకుని ఆగిపోయేదాన్ని. వానలు పడ్డాక మంద తిరిగి వచ్చింది. మా ఆయన్ను పక్కకు పిలిచి చెప్పే వీలే దొరకలేదు. అత్త గడపలోనే పట్టుకుంది.

"ఆ దినం కోడి కోసి, నన్ను సూడకనే పోతివేంది బిడ్డా?"

ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు.

"నువ్వు పండుకున్నవవ్వా. లేపబుద్ధి గాలే."

పెరట్లో నేను నీళ్ళు పోస్తుంటే కాళ్ళు కడుక్కుంటూ మెల్లగా అడిగాడు.

"కోసేటప్పుడు దడుసుకున్నవా?"

ఆయన పోయినప్పటి నుంచి నా గురించి ఎవరైనా అడిగిన మొదటి మాట అది. చెంబు అక్కడే పెట్టేసి ఏడ్చాను.