ఎవరికీ ఇవ్వని దరఖాస్తు

డైరీల పెట్టె తెరవగానే డాంబర్ గోలీల వాసన గుప్పుమంది. సకల జనుల సమ్మె నాటి డైరీలో, మడతపెట్టిన దరఖాస్తు ఇంకా అలాగే ఉంది. ఆ పేజీ పైన నా చేతిరాత: "మంగళవారం. ఉన్నవారు: హెడ్‌మాస్టర్ భద్రమ్మ మేడం, తొమ్మిదో తరగతి కమల, రోడ్డు మీది డేరాలో పాతికమంది, నేను."

నేను పంతులుగా చేసిన బడి మరిపెడ దగ్గర. తండాల్లో ఎవరికి ఏ పని పడినా దరఖాస్తు నేనే రాసిపెట్టేవాణ్ని, మార్జిన్ కొట్టి, విషయం కింద గీత గీసి. అదే నా గొప్ప అనుకునేవాణ్ని. సమ్మెతో బడికి తాళం పడినా మేడం, నేను రోజూ గేటు దగ్గర కూర్చునేవాళ్లం. ఆ రోజు కమల పరుగున వచ్చింది. మర్నాడు వాళ్ల అవ్వకు మహబూబాబాదు దవాఖానలో కంటి ఆపరేషన్. బస్సులు లేవు. సమ్మెవాళ్లు రోడ్డుకు రాళ్లు అడ్డం పెట్టారు, ఆటోను వాళ్ల డేరా దగ్గర ఆపేస్తారని భయం. ఈ తారీఖు తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు.

డేరావాళ్ల పేరిట దరఖాస్తు రాసి, కమలను వెంటబెట్టుకొని బయల్దేరాను. మేడం కూడా వచ్చారు. డేరా ముందు నేను కాగితం తీయగానే ఆమె అందుకుని తన సంచిలో వేసుకున్నారు.

"జర ఆగున్రి సారూ. అడుగు బిడ్డా, నీ అవ్వే కదా."

"నాకు భయమైతాంది మేడం."

"భయపడుకుంటనే అడుగు."

నాకు కోపం వచ్చింది. "పని చెడితే ఎవరు జవాబు చెప్తరు మేడం?" అన్నాను.

"పరీక్ష రాసుడు నేర్పినం సారూ. అడుగుడు ఎప్పుడు నేర్పుదాం?"

కమల ముందుకు నడిచింది. "అన్నా, రేపు మా అవ్వకు కండ్ల ఆపరేషన్ ఉన్నది. పొద్దుగాల మా ఆటోను పోనిస్తరా?"

డేరాలో పెద్దమనిషి నవ్వాడు. "మేం రాష్ట్రం అడుగుతుంటే నువ్వు తొవ్వ అడగవడితివా?"

"మీరు గింతమంది అడుగుతున్నరు. నేనొక్కదాన్నే గదన్నా, నాది జల్ది ఇయ్యిన్రి."

డేరా అంతా గొల్లున నవ్వింది. "పో బిడ్డా, రేపు రాళ్లు నేనే జరుపుత" అన్నాడాయన.

తిరిగి వస్తూ మేడం దరఖాస్తు నా చేతిలో పెట్టారు. "మంచిగ రాసిన్రు సారూ. దాసుకోన్రి." ఎగతాళో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మేడం పోయి ఏళ్లయింది. జనగామలోని ఈ ఇంటికి కూడా దరఖాస్తు రాయమని ఎవరో ఒకరు వస్తారు. కాగితం వాళ్ల ముందుకే జరిపి పక్కన కూర్చుంటాను. "జర ఆగున్రి" అనే ఆ గొంతు కోసం నా చెవులు ఇంకా వెతుక్కుంటాయి.

పేజీ తిప్పితే మర్నాటి పొద్దు. ఆ పెద్దమనిషి అన్నట్టే రాళ్లు జరిపాడు. ఆటోలో అవ్వ పక్కన కమల. అవసరం పడుతుందేమోనని నేను జేబులో పెన్నుతో గేటు దగ్గర నిలబడ్డాను. ఆటో ఆగలేదు.