బెజవాడ పథ్యం

జాకెట్ చేతులు కుడుతుంటే దగ్గు తెర వచ్చి, తెల్ల గుడ్డ మీద ఎర్రటి చుక్క పడింది. కిళ్లీ మరకని మా అత్తగారు తేల్చేశారు. నేను జన్మలో కిళ్లీ వేసుకోలేదు.

నేను రంగూన్‌లో పుట్టిన తెలుగుదాన్ని. అక్కడ మమ్మల్ని వెళ్లగొడితే ఓడెక్కి వచ్చి, బెజవాడలో ఒక లారీ మెకానిక్‌ని పెళ్లాడాను. భాష ఒకటే కదా, కలిసిపోతాననుకున్నాను. ఏం కలవడం! ఎనిమిదేళ్లయినా మా కాంపౌండులో నేను ‘బర్మా ఆవిడ’నే. వాళ్లు నన్నెంత చులకనగా చూశారో, నేను వాళ్లను అంతకు రెట్టింపు చూశాను.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. కళ్లె పరీక్ష కూడా చేశారు. “టి.బి. అమ్మా, కళ్లెలో క్రిములున్నాయి, పాజిటివ్,” అన్నారు డాక్టరుగారు. “రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను, ఐ.ఎన్.హెచ్., పాస్ బిళ్లలు. గుడ్లు, చేపలు బాగా తిను. నెగెటివ్ అయ్యేదాకా పాపని దూరంగా ఉంచు.”

నాలుగేళ్ల మంగను హనుమాన్ జంక్షన్‌లో ఆడపడుచు ఇంటికి పంపేశారు. ఇక నాకు కావలసింది ఒక్కటే, ఆ నెగెటివ్.

“గుడ్లా! ఒళ్లు వేడిచేసి ఛస్తావే. పథ్యం ఉండాల్సిందే,” అన్నారు అత్తగారు. పలచటి చారు, బీరకాయ కూర. నా గ్లాసు విడిగా కిటికీ గూట్లో. చూడటానికొచ్చిన ప్రతి ఆవిడా ఒక డాక్టరే. “వంకాయ కూడా పెట్టకండి పిన్నిగారూ,” అని ఒకావిడ సలహా. మా ఆయన తల్లి ముందు నోరు విప్పే రకం కాదు.

ఖాళీ కడుపులో పాస్ పడితే వాంతి. వారం ఓర్చుకుని, తర్వాత ఆ బిళ్లలు తూములో పారేశాను. డాక్టరుకు చెప్పలేదు. ఈ ఊరివాళ్లకు నా వాంతుల గోల చెప్పుకోవడమా అని పొగరు.

రెండు నెలలకు బరువు తగ్గింది. ఇంకా పాజిటివే.

“మందులన్నీ వేసుకుంటున్నావా?”

“వేసుకుంటున్నానండీ.”

“అయితే మందు పనిచెయ్యట్లేదు. శానటోరియంలో చేరాలి. ఏడాది పట్టొచ్చు.”

ఏడాది! మంగ నా మొహం మరిచిపోతుంది. అక్కడే బల్ల పట్టుకుని ఏడ్చి, ఉన్న నిజమంతా చెప్పేశాను.

“చెప్పాల్సింది చెప్పవు, అడగాల్సింది అడగవు. మీ రంగూన్‌లో ఏం తినేదానివి?” అని కసిరారు.

“చేపల పులుసులో సేమ్యా అండీ.”

చీటీ మీద ఇంజెక్షన్ల కిందే తెలుగులో రాశారు: రోజూ రెండు గుడ్లు, చేపల పులుసు సేమ్యా, తిన్నాకే పాస్.

అత్తగారు నమ్మలేదు. చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్లారు. “చేపలు మా దగ్గరుండవండీ, మార్కెట్‌కి వెళ్లండి,” అన్నాడట షాపాయన. అంతే, చీటీలో ఉన్నాక అది మందే! మర్నాటి నుంచి చేపల వాసన పడక ముక్కుకు కొంగు కట్టుకుని ఆవిడే వండారు. పది రోజులకు ఉప్పు చూసే వంకతో గిన్నెడు లాగించేవారు. కొంగు సంగతే మరిచారు.

మరో మూడు నెలలకు నెగెటివ్. మంగ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, “అమ్మకి జబ్బు, ముట్టుకోకూడదు,” అంది. నా ప్రాణం ఉసూరుమంది.

అత్తగారు గూట్లోంచి నా గ్లాసు తీసి, నీళ్లు ముంచుకుని, అంచుకి మూతి ఆనించి గటగటా తాగారు. “చూడవే, నాకేమైనా అయిందా? వెళ్లు.”

మంగ వచ్చి నా ఒళ్లో పడింది.

ఏడాదిన్నర కోర్సు పూర్తయింది. మళ్లీ మిషన్ తొక్కుతున్నాను. నన్ను తనే బతికించానని అత్తగారు కాంపౌండంతా చాటుతున్నారు. చాటుకోనీ. మీకు చెప్పేది ఒక్కటే: మందు పడకపోతే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. నా పొగరు నాకు మంగను రెండు నెలలు ఆలస్యంగా ఇచ్చింది.