బాలలక్ష్మి నోట్లో చేప పొర

రాష్ట్రస్థాయి బాలికల కబడ్డీ ఫైనల్లో మా స్కూల్ పీఈటీ బాలలక్ష్మి అంపైర్‌గా విజిల్ పట్టబోతోందని తెలిసిన రోజు, స్టాఫ్ రూములో అందరికంటే గట్టిగా అరిచింది నేనే. తెలుగు పాఠాలు చెప్పుకునేదానికి కబడ్డీతో ఏం పని అని అడిగేవాళ్లు అడగనీ. పదిహేనేళ్లుగా చూస్తున్నాను. ప్రతి పెద్ద టోర్నమెంటుకూ ఆమెను పిలుస్తారు, స్కోరు బల్ల దగ్గర కూర్చోబెడతారు, విజిల్ మాత్రం ఎవరో ఒక మగాయన మెడలో వేస్తారు. నాకు ఒళ్లు మండేది. ఆమె నవ్వేసి "మన వంతు రాకపోతదా అక్కా" అనేది. వచ్చింది! నేనెందుకు అరవను?

బాలలక్ష్మిది చిట్యాల దగ్గర పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉండి వ్యాయామ విద్య చదివింది. భర్త మహేందర్ హయత్‌నగర్ డిపోలో బస్సు డ్రైవరు. వనస్థలిపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల వాళ్ల కిరాయి ఇల్లు. నలభై మూడేళ్ల మనిషి, గ్రౌండులో పరిగెత్తితే తొమ్మిదో తరగతి పిల్లలు కూడా వెనకబడతారు. ఆమెకున్న చెడ్డ అలవాటు ఒక్కటే, విజిల్‌ని కింది పళ్లతో కరిచి పట్టుకోవడం. ఇరవై ఏళ్లుగా అదే పని.

ఆ పళ్లే మోసం చేశాయి. ముందు రెండు పళ్ల దగ్గర చిగురు కిందికి జారి వేర్లు బయటపడ్డాయి. విజిల్ తగిలితే జివ్వుమని ప్రాణం పోయేది. మండల పోటీల్లో ఆ నొప్పికి ఒక్క క్షణం తటపటాయించి ఆలస్యంగా ఊదింది. ఆ క్షణంలో ఒక పిల్లకు దక్కాల్సిన పాయింటు పోయింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదని మహేందర్ చెప్పాడు.

ఫైనల్ ఇంకా ఇరవై నాలుగు రోజులుందనగా ఎల్బీనగర్‌లో డాక్టర్ అమల దగ్గరికి తీసుకెళ్లాను. గుంటూరు వైపు మనిషి, నిదానంగా మాట్లాడుతుంది.

"చిగురు బాగా పల్చగా ఉందండీ. అంగిలి నుంచి చిన్న ముక్క తీసి ఇక్కడ పెట్టి కుడతాను. పట్టుకుంటే మళ్లీ గట్టి చిగురు వస్తుంది."

"విజిల్ ఎప్పటిసంది ఊదొచ్చు మేడమ్?" అని అడిగింది బాలలక్ష్మి. పళ్ల గురించి ఒక్క ప్రశ్న లేదు.

"ఇరవై రోజులు ఊదడం, పీల్చడం, గట్టిగా ఉమ్మడం ఏమీ వద్దు. తర్వాత చూసి చెబుతాను. నిజానికి చిగురు కంటే ముక్క తీసిన చోటే ఎక్కువ బాధ పెడుతుంది. అక్కడ కొలాజెన్ పొర వేస్తాను. కొలాజెన్ అంటే మన చర్మంలో, చిగుళ్లలో ఉండే పదార్థమే. జంతువుల నుంచి తీసి, శుభ్రం చేసి పల్చటి పొరలా తయారు చేస్తారు. రక్తం గడ్డకట్టి నిలబడటానికి సాయం చేస్తుంది, కింద కొత్త చర్మం పట్టేదాకా పుండుకి కప్పులా ఉంటుంది. తర్వాత దానంతటదే కరిగిపోతుంది."

"జంతువులంటే ఏ జంతువులు?"

"ఆవు, పంది, చేప. మూడు రకాలూ ఉన్నాయి. చెప్పకుండా ఎవరి నోట్లోనూ పెట్టను."

"చేపదే పెట్టుండ్రి. రేపు మా అత్తమ్మ అడిగితే చెప్పుకునేటట్టుండాలె."

"చేప తింటే దద్దుర్లు గానీ దురద గానీ వస్తాయా?"

"ఈమెకా? చేపల పులుసు గిన్నె ఊడ్చి తింటది" అన్నాను నేను. డాక్టరమ్మ నవ్వుతూనే కాగితం మీద రాసుకుంది.

ఆపరేషన్ ఆరోజే, గంటన్నరలో అయిపోయింది. ఇంటికి వస్తుంటే ఆటోలో బాలలక్ష్మి నా చేతిలో ఫోన్ పెట్టి, అందులో టైపు చేసిన మాట చూపించింది: "నొప్పి లేదు. ఇరవై నాలుగు." మత్తు ఇంకా దిగలేదని చెప్పి ఆ సంబరాన్ని పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.

క్లినిక్‌లో ఇచ్చిన కాగితంలో అన్నీ ఉన్నాయి. చల్లటి మెత్తటి తిండి, అక్కడ బ్రష్షు పెట్టొద్దు, పెదవి లాగి అద్దంలో చూసుకోవద్దు. లేనిది ఒక్కటే. మన ఇళ్లలో పొద్దున్నే నోరు కడుక్కోవడమంటే పళ్లు తోముకోవడం ఒక్కటే కాదు కదా! నాలుక గీసుకోవాలి, బొటనవేలు నోట్లో పెట్టి అంగిలి రుద్దాలి, వీధి చివరిదాకా వినపడేలా గొంతు సవరించుకోవాలి. అంత జరిగితేనే తెల్లారినట్టు. ఆ పని మానమని ఎవరూ రాయలేదు, అడగాలని మాకూ తోచలేదు.

మూడోరోజు పొద్దున నిద్రమత్తులో బాలలక్ష్మి బొటనవేలు తన పని తాను చేసుకుపోయింది. తెల్లటి జిగట ముక్క వేలికి అంటుకుని బయటికొచ్చింది, వెనకే రక్తం. కుట్టిన చిగురే ఊడిపోయిందనుకుని కెవ్వుమంది. ఆ కేకకు మహేందర్ నాకు ఫోన్ చేశాడు, నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

వెళ్లేసరికి అత్తగారు రాములమ్మ గుప్పెట్లో పసుపుతో కోడలి ముందు నిలబడి ఉంది. "నోరు తెరువు బిడ్డా, జర పసుపు అద్దుత, రగుతం టక్కున ఆగుతది."

"వద్దు పెద్దమ్మా! డాక్టరమ్మ ఏం పెట్టొద్దన్నది" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆపరేషన్ రోజు ఇచ్చిన గాజుగుడ్డ తడిపి అంగిలికి అదిమి పట్టుకోమన్నాను. మహేందర్ అప్పటికే ఆటో తెచ్చాడు. దారి పొడవునా బాలలక్ష్మి కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. నొప్పికి కాదని నాకు తెలుసు. నాకూ ఏడుపొచ్చింది, ఆ ఏడుపును డ్రైవరు మీద కోపంగా మార్చి, గుంతల్లో నెమ్మదిగా పొమ్మని అరిచాను.

డాక్టర్ అమల లైటు వేసి చూసింది.

"చిగురు అలాగే ఉందండీ. చక్కగా ఉంది. ఊడింది పైన వేసిన పొర మాత్రమే."

మహేందర్ పెద్దగా నవ్వాడు. నేను డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఊపేశాను, ఆ చేతిలో పనిముట్టు ఉందని కూడా చూసుకోలేదు. ఆమె రక్తం ఆపి, కొత్త పొర వేసి, ఈసారి అడ్డంగా రెండు కుట్లు ఎక్కువ వేసింది. ఎలా జరిగిందో విన్నాక, బొటనవేలు సంగతి కూడా కాగితంలో చేర్చాలంది.

"ఫైనల్ మేడమ్?" అన్నట్టు బాలలక్ష్మి కళ్లతో అడిగింది.

"అంగిలి మానడం మూడు రోజులు వెనక్కి వెళ్లినట్టే. మాట ఇవ్వలేను. ఇరవయ్యో రోజు రండి."

ఆ పదిహేడు రోజులూ ఆమె కుడి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని తిరిగింది, నిద్రలో కూడా విప్పలేదు. వేలికేమైందని పిల్లలు అడిగితే, వేలు జైల్లో ఉందని బోర్డు మీద రాసింది. రాగిజావ, పెరుగన్నం తప్ప ఏమీ తినలేదు. వారానికోసారి డాక్టరమ్మ ఫోన్లో ఫోటో తీసి చూపించేది. మొదట మీగడలాంటి పొర, తర్వాత దాని అంచుల్లో గులాబీ రంగు. ఆ ఫోటో స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. లెక్కల సారు టిఫిన్ డబ్బా మూసేశాడు.

ఇరవయ్యో రోజు డాక్టర్ అమల చాలాసేపు చూసింది. పొర జాడ లేదు, అంగిలి నిండా కొత్త చర్మం.

"ఊదండి. కానీ పళ్లతో కరిస్తే ఒప్పుకోను. పెదవులతోనే."

క్లినిక్ మెట్ల మీదే ఊదింది. ఉస్సుమని గాలి పోయింది తప్ప చప్పుడు రాలేదు. ఇరవై ఏళ్లుగా పళ్ల మీద ఆధారపడిన పెదవులకు ఆ పట్టే తెలియదు. "మన కుక్కర్ నయం" అని మహేందర్ అన్నాడు, వీపు మీద దెబ్బ తిన్నాడు. నాలుగు రోజులే మిగిలాయి. పొద్దున డాబా మీద, సాయంత్రం స్కూల్ గ్రౌండులో ఊదింది. మూడోరోజు సాయంత్రం విజిల్ మోగితే పక్క వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. నేను అక్కడే ఎగిరి గంతేశాను.

ఫైనల్ సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో. ఎర్ర జట్టు, నీలం జట్టు. జనం అరుపులకు పక్కన కూర్చున్న మహేందర్ మాట నాకు వినపడటం లేదు. చివరి కూత వచ్చేసరికి ముప్పై, ముప్పై. ఎర్ర జట్టు కెప్టెన్ కూతకు వెళ్లింది, బక్కపల్చని పిల్ల, మెరుపులా ఉంది. ఒకరిని ముట్టింది, ఇంకొకరిని ముట్టింది, వెనక్కి దూకింది. సగం స్టేడియం గెలిచామని లేచి నిలబడింది.

విజిల్ మోగింది. అంత హోరునూ చీల్చుకుంటూ మోగింది. బాలలక్ష్మి చెయ్యి ఎత్తి, ముట్టకముందే కూత తెగిందని చూపించింది. అంటే కెప్టెన్ ఔట్. పాయింటు నీలానికి, కప్పూ నీలానికే.

ఎర్ర జట్టు కోచ్ కోర్టు గీత దాకా ఉరికి వచ్చాడు. "కూత యాడ తెగింది? ఎవలికన్న ఇనవడ్డదా?"

ఎవరికీ వినపడలేదు. నాకైతే ఆ పిల్ల కూతే వినపడలేదు. అంపైర్ల పైన ఉండే రెఫరీ ప్రసన్నకుమార్ బాలలక్ష్మి దగ్గరికొచ్చి ఏదో అడిగాడు. ఆమె మళ్లీ చెయ్యెత్తి అదే సైగ చూపించింది. పదిహేనేళ్ల తర్వాత దొరికిన విజిల్ ఇలా పోతుందా?

అప్పుడు ఆ కెప్టెన్ పిల్ల, రొప్పుతూ, చెయ్యెత్తింది. "తెగింది సార్. ముట్టకముందే తెగింది. మేడమ్ కరెక్టే ఊదింది."

కోచ్ వెనక్కి వెళ్లిపోయాడు. బాలలక్ష్మి ఆ పిల్లను దగ్గరికి తీసుకుని తల నిమిరింది, ఇద్దరి కళ్లలోనూ నీళ్లే. నేను మెట్లన్నీ దిగి, ఆపబోయిన వాలంటీరును తోసేసి పరిగెత్తాను. ఆమె నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"అక్కా, గంత లొల్లిల నాకొక్కదానికే ఇనవడ్డది."

"ఊదినవు గదనే!"

"ఊదిన అక్కా. టయానికి ఊదిన."