మెర్విన్ గేటుకు కట్టిన తువ్వాలు

బులాంగ్ కొండ మీద ఉన్న నలభై ఇళ్లలోనూ కార్చిచ్చు సంగతి తెలిసినవాడు తానొక్కడేనని మెర్విన్ ట్రెసైజ్‌కు గట్టి నమ్మకం. వాలంటీర్ల ఫైరు దళానికి ఆయన కెప్టెన్. వసంతం రాగానే హాల్లో మీటింగు పెట్టి, కప్పు గట్టర్లలో ఎండుటాకులు తీయనివాళ్ల పరువు పేరుపేరునా తీసేవాడు.

తువ్వాలు ఆచారం కూడా ఆయన పెట్టిందే. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు గేటుకు వంటింటి తువ్వాలు కట్టాలి. అది కనిపిస్తే ఫైరింజను అక్కడ ఆగదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, పై చివరింటి రోలీ బ్యాస్కం మాత్రం కట్టనన్నాడు.

“తువ్వాలు ఉన్నది గిన్నెలు తుడుచుకోవడానికి, కెప్టెన్ గారూ.”

“నువ్వెప్పుడు తుడిచి చచ్చావు గనక?” అని మెర్విన్ హాలంతా నవ్వించాడు.

అక్కడ నడివేసవి అయిన ఫిబ్రవరిలో, ఉత్తరపు వడగాలి కొట్టిన రోజు పొద్దున్నే, ఆయన అందరికంటే ముందు తన గేటుకే తువ్వాలు కట్టాడు. కెప్టెన్ ఇల్లు ఆదర్శంగా ఉండొద్దూ! లోపల భార్య ఏవిస్ ఉందన్నది చిన్న విషయం. దళానికి స్కోన్లనే చిన్న రొట్టెలు కాల్చి, కాసేపట్లో కారులో కిందికి దిగిపోతానంది కదా.

మధ్యాహ్నానికి శిఖరం మీద మంట లేచింది. పొగలో ఫైరింజను వీధులన్నీ తిరిగింది. మెర్విన్ మైకులో “వెళ్లిపోండి!” అని అరుస్తూనే ఉన్నాడు. ఆయన గేటు దగ్గర డ్రైవరు వేగం తగ్గించాడు.

“తువ్వాలు కనబడట్లా? పోనీ!” అని కసిరాడు మెర్విన్.

కింద ఆటల మైదానంలో దాదాపు ఊరంతా చేరింది. ఏవిస్ లేదు. ఎవరూ చూడలేదన్నారు. పైకి వెళ్లే దారిని అప్పటికే మంట కమ్మేస్తోంది. తన చేత్తో తనే వేసిన తువ్వాలు ముడి మెర్విన్ కళ్లముందు ఆడింది. జీవితంలో మొదటిసారి ఆయన ఎవరికీ సలహా ఇవ్వలేదు.

అంతలో పొగలోంచి రోలీ డొక్కు ట్రక్కు దిగింది. ముందు సీట్లో, ఒళ్లో స్కోన్ల పళ్లెంతో ఏవిస్.

“కారు తియ్యలేదేం?” అన్నాడు మెర్విన్.

“బ్యాటరీ ఊడబెరికి నీ మైకుకు తగిలించుకున్నావుగా!”

“ఫైరింజను వచ్చినప్పుడు కేకెయ్యాల్సింది.”

“వేశాను. నీ గొంతు ముందు నా గొంతెంత?”

మెర్విన్ రోలీ వైపు తిరిగాడు. “తువ్వాలు చూసి కూడా ఆగావా?”

“లోపల రేడియో మోగుతోంది. తలుపు కొట్టాను,” అన్నాడు రోలీ.

“ఉన్నానా అని నువ్వు గుడ్డను అడిగావు మెర్విన్. అతను నన్ను అడిగాడు.” ఏవిస్ పళ్లెం రోలీ చేతిలో పెట్టింది.

ఆ రోజు కెప్టెన్‌కు ఒక్క స్కోనూ దక్కలేదు.